లాకు లేని గానుగ

బావ పోయాడన్న కబురు విశాఖపట్నం ద్వారకా నగర్‌లో మా ఆఫీసు కింద ఉన్న మందుల షాపుకి ఫోన్లో వచ్చింది. షాపాయన స్వయంగా మెట్లెక్కి వచ్చి, "మల్కాపురం కాణ్ణించి. బేగి రండి" అన్నాడు. రిసీవరు అందుకుంటే అవతల బావతోపాటు పోర్టులో పనిచేసే ఆయన. "మీ బావ పోనాడు బాబూ. పొద్దున్న డ్యూటీకని సైకిలు బయటెట్టి అరుగు మీద కూకున్నాడు. అలగే ఒరిగిపోనాడు" అన్నాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది. "సైకిలు చక్రానికి రాయి పెట్టాడా?" అని అడిగాను. ఆయన తప్పుగా అనుకోలేదు. "పెట్టినాడు బాబూ" అన్నాడు.

ఆ మాట ఎందుకడిగానో బావని ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

బావ నాకు రెండు రకాలుగా బావ. మేనత్త కొడుకు, అక్క మొగుడు. పోర్టులో ఖలాసీ. ఓడల్లోంచి వించి అనే యంత్రంతో బరువులు దించేటప్పుడు వైర్లు కట్టేది, కప్పీలు బిగించేది ఖలాసీలే. మనిషి పొట్టి. అరచేతుల నిండా వైరు కోసిన గీతలు. అన్నం కలుపుకుంటుంటే ఆ గీతల్లో గ్రీజు నల్లగా కనబడేది, ఎంత రుద్దినా పోయేది కాదు. మాట మాత్రం గట్టిది. ఇంట్లో ఉప్పు అడిగినా ఓడ పక్కన నిలబడి అరిచినట్టే ఉండేది. "ఇక్కడ వించి నేదు, మెల్లగా సెప్పు" అని అక్క కసిరేది. మా ఊరు వచ్చినప్పుడు మాత్రం ఆ గొంతు పూర్తిగా దిగిపోయేది. మొదట్లో అలా ఉండేది కాదు. మొదట్లో మా ఊళ్ళోనే ఎక్కువ అరిచేవాడు.

తన గురించి ఇలా రాస్తున్నానని తెలిస్తే బావ ఒప్పుకునేవాడు కాదు. ఎవరైనా మంచి మాట ఎత్తగానే లేచి కుళాయి దగ్గరికో, గొడ్ల దగ్గరికో వెళ్ళిపోయే మనిషి. ఒకసారి నేను పట్టుకుని నిలదీస్తే, "నా గురించి సెప్పాలంటే మావ కాలు కాణ్ణించి మొదలెట్టు బావా. అది ఒగ్గేసి మిగతాది సెప్పితే అబద్ధమైపోతాది" అన్నాడు. మావ అంటే మా నాన్న. సరే, ఆయన కోరినట్టు అక్కణ్ణించే మొదలుపెడతాను.

మా ఊరు మాడుగుల అవతల, కొండవార. కొండ మొదట్లో మాకు కొంత జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి, ఉంది. దాన్ని కోసుకుంటూ ఒక గెడ్డ. వానాకాలంలో పారి, ఎండాకాలంలో రాళ్ళు తేలే లోతైన వాగు. ఆ గెడ్డ అడుగున తాతల నాటి వేగిస చెట్టు ఒకటి ఉండేది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజుల్లో బావ మల్కాపురంలో ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. రెండు గదులు, ఒక వంటసాల. "గోడలు నీ ఇష్టం వొచ్చినట్టు కట్టుకో. గుమ్మం మాత్రం నా మానుతోటే ఉండాల. నా కూతురు దాటే గడప నా కొండదే అవ్వాల" అని నాన్న పట్టుబట్టాడు. అనుమతి తెచ్చుకుని ఆ వేగిస చెట్టు కొట్టించాడు.

కొట్టడం సులువుగానే అయింది. పైకి తేవడమే ఎవరి వల్లా కాలేదు. ఎడ్లని దించితే ఆ రాళ్ళ మీద వాటి కాళ్ళు నిలవలేదు. మనుషులు మోకులు కట్టి లాగితే చేతులు బొబ్బలెక్కాయి గానీ మాను కదల్లేదు. ఏనుగుల్ని రప్పించడానికి మేమేమన్నా జమీందార్లమా! నాన్న గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ కింద పడున్న మాను వంక చూస్తుంటే, సెలవు పెట్టి వచ్చిన బావ తువ్వాలు తలకి చుట్టుకుని, "ఓడలోంచి ఇంజన్లు పైకి తీత్తన్నోణ్ణి మావా. ఈ మాను నాకెంత?" అన్నాడు. ఈ మాట ఆ తర్వాత బావ జన్మలో మరిచిపోలేదు. ఎవరూ గుర్తు చెయ్యకపోయినా తనే అప్పుడప్పుడు అనుకుని తల పట్టుకునేవాడు.

మా పెరట్లో పాత చెరుకు గానుగ తుప్పు పట్టి పడుండేది. మూడు ఇనుప రోళ్ళు, గుండ్రటి దిమ్మెలు, నిలువుగా నిలబడి ఉంటాయి. మధ్య రోలుకి పైన పొడుగాటి కర్ర, కర్ర చివర ఎడ్ల జత. ఎడ్లు చుట్టూ తిరుగుతుంటే రోళ్ళ మధ్య చెరుకు నలిగి రసం కారుతుంది. ఊళ్ళోకి కరెంటు గానుగ వచ్చాక దాని మొహం చూసినవాడు లేడు. బావ ఆ గానుగ చుట్టూ ఒక పూటంతా తిరిగాడు. కూర్చుని చూశాడు, వంగి చూశాడు. తర్వాత పక్క రోళ్ళు రెండూ పీకేసి మధ్యదాన్ని ఉంచాడు. పోర్టు వైపు పాత ఇనుము అమ్మే కొట్లో కొన్న లావుపాటి గొట్టం ముక్కని దానికి తొడిగి, సందుల్లో సీలలు దిగ్గొట్టాడు. అదే కొట్లో తెచ్చిన వైరు తాడు ఆ గొట్టానికి చుట్టుకునేలా బిగించాడు. మొత్తం గానుగని నాటుబండి మీద గెడ్డ గట్టుకి చేర్చి, అది లేచిపోకుండా వెనకనున్న రెండు చింతచెట్లకి కట్టేశాడు.

ఇక ఎడ్లు తిరగాలి, వైరు చుట్టుకోవాలి, కింద మాను పైకి రావాలి. తిరిగేటప్పుడు వైరు ఎడ్ల కాళ్ళకి తగలకుండా దాని మీదుగా రెండు చెక్కలతో బుల్లి వంతెన కూడా వేశాడు. మొదట ఎడ్లు బెదిరాయి. తర్వాత ప్రతి చుట్టుకీ ఆ వంతెన మీద టకటకా నడిచి పోయేవి. చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. "పోర్టల్లుడు గానుగలో ఎట్టి మాను పిండతన్నాడ్రోయ్" అని నవ్వారు. మాను కదిలేసరికి ఆ నవ్విన నోళ్ళే ఈలలు వేశాయి. నాన్న ఆ రోజు మేనల్లుణ్ణి చూసుకున్న చూపు నన్నెప్పుడూ చూడలేదు. నాకు కొంచెం కుళ్ళుగా కూడా అనిపించింది, దాచడం దేనికి.

అయితే చెరుకు ఎవర్నీ వెనక్కి లాగదు. మాను లాగుతుంది. ఎంత పైకి వస్తే అంత బరువూ ఆ వైరుకి వేలాడుతూ, గానుగని వెనక్కి తిప్పేద్దామని చూస్తూనే ఉంటుంది. పోర్టులో వించికి పళ్ళ చక్రం ఉంటుంది. దాని పళ్ళలో పడి వెనక్కి తిరగనివ్వకుండా ఆపే ఇనుప నాలుక ఒకటి ఉంటుంది. దాన్ని బావ లాకు అనేవాడు. మా గానుగకి లాకు లేదు. ఎడ్లు నిలబడ్డప్పుడల్లా బావే ఒక గునపం నేలలో దింపి కర్రకి అడ్డం పెట్టేవాడు. లాకు వెయ్యాలని ఆయనకి తెలుసు. కానీ సెలవు అయిపోతోంది, వానలు దగ్గర పడుతున్నాయి. ఈ ఒక్క మానుకీ గునపం చాల్లే అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మాను సగం గట్టు ఎక్కి ఒక బండకి తగిలి ఆగిపోయింది. "ఆపు మావా" అని కేకేసి, మానుని పక్కకి ఎత్తడానికి బావ గునపం పట్టుకుని గెడ్డలోకి దిగాడు. ఉన్నది ఒక్కటే గునపం. అడ్డం పెట్టేదీ అదే. పైన నాన్న, ఎడ్లు. ఎడ్లు బరువుని ఆపుకుంటూ నిలబడి వణుకుతున్నాయి, నోట్లోంచి నురగ కారుతోంది. నాన్న మీసాలు రానప్పట్నుంచీ గానుగ ఆడినవాడు. గానుగ దగ్గర ఎడ్లు అలిసిపోతే ఎవరైనా ఏం చేస్తారు? ఎక్కడున్నవాటిని అక్కడే విప్పేసి నీళ్ళకి తోలతారు. నాన్న కూడా అదే చేశాడు. కాడి తీశాడు.

కర్ర రివ్వున వెనక్కి తిరిగింది. ఎడ్ల కోసం బిందెతో నీళ్ళు తెస్తున్న నేను గట్టు మలుపులోంచి అది చూశాను. కర్ర వచ్చి నాన్న తొడ మీద తగిలింది. మాను దొర్లుకుంటూ మళ్ళీ గెడ్డ అడుక్కి పోయింది. బావ పక్కకి దూకి బతికాడు. పైకెక్కి వచ్చి, కిందపడున్న నాన్ననీ, తన చేతిలో ఉన్న గునపాన్నీ మార్చి మార్చి చూశాడు. అప్పటి ఆ మొహం తర్వాత ఎన్నేళ్ళయినా పూర్తిగా మామూలు కాలేదు.

నాన్నని మంచం మీద మోసుకొచ్చి, దొరికిన వ్యాన్‌లో విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. తొడ ఎముక విరిగింది. అతుక్కుంది గానీ కాలు పొట్టిదైపోయింది. ఆసుపత్రి నుంచి మల్కాపురంలో కొత్తగా గోడలు లేచిన ఆ ఇంటికే తెచ్చుకున్నాం. నెలల తరబడి నాన్న మంచం మీదే. ఒళ్ళు తుడవడం, మంచం కింద బేసిన్ పెట్టి తియ్యడం, అన్నీ బావే. అక్కని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"ఒరే, ఎవుడో ఒక మనిషిని కుదర్సరా. అల్లుడి సేత ఈ సాకిరీ ఏట్రా నాకు" అని నాన్న నాతో చెప్పి మొహాన తువ్వాలు కప్పుకునేవాడు.

"నాను మనిషిని కానేటి మావా?" అనేవాడు బావ, తనూ మొహం పక్కకి తిప్పుకుని.

ఒకే గదిలో ఇద్దరు మగవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేని సిగ్గు. అది చూడ్డం చాలా కష్టంగా ఉండేది. నేను ఆదివారం ఆదివారం వెళ్ళి అరగంట కూర్చుని, బస్సు తప్పిపోతుందని వంక చెప్పి లేచిపోయేవాణ్ణి.

నాన్న తప్పు తన మీద వేసుకోలేదనుకోకండి. అందరి ముందూ చెప్పాడు. "ఎడ్లు ఇప్పినోణ్ణి నాను. దెబ్బ నాకు తగిలినాది. నీకేటి మధ్యన?" అన్నాడు. బావ ఒప్పుకోలేదు. "గానుగ కాడ ఎడ్లు ఇప్పడం తప్పేటి మావా? ఎవుడైనా ఇప్పుతాడు. అది మరి గానుగ కాదని నీకు సెప్పనోణ్ణి నాను. లాకు ఎయ్యాలని తెల్సి ఎయ్యనోణ్ణి నాను" అన్నాడు.

నాన్న లేచి కర్ర పట్టుకుని నడిచి ఊరు వెళ్ళిపోయాక, బావ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరూ పెట్టమనలేదు. మా ఊరు వస్తే నాన్న ముందు కూర్చునేవాడు కాదు. నిలబడే మాట్లాడేవాడు. అల్లుడికి ముందు గదిలో ఆకు వేస్తే అది తీసుకెళ్ళి పెరటి వసారాలో, గొడ్ల పక్కన కూర్చుని తినేవాడు. అమ్మ ఏడ్చింది, కోప్పడింది, ఒకసారి తనూ ఆకు తీసుకెళ్ళి ఆ గొడ్ల పక్కనే కూర్చుంది. అయినా మారలేదు.

ఇంకోటి, చక్రం ఉన్న దేనికైనా రాయి పెట్టడం. సైకిలు స్టాండు వేసి కూడా వెనక చక్రానికి రాయి పెట్టేవాడు. వీధిలో రిక్షా ఆగితే, ఐసు బండి ఆగితే, తనది కాకపోయినా వెళ్ళి ఒక రాయి అడ్డం పెట్టి వచ్చేవాడు. ద్వారకా నగర్లో బస్సు కాంప్లెక్స్ దగ్గర రోడ్డు పక్కన నిలబెట్టిన ఒక కారుకి ఇలాగే రాయి పెడుతుంటే ఆ కారాయన దొంగ అనుకుని పట్టుకున్నాడు. నేను వెళ్ళి విడిపించాను. "ఎందుకు బావా నీకీ పని?" అని విసుక్కుంటే, "కదపడానికి బలముంటే సాలు బావా. ఆపడానికి ముందే ఆలోసించుకోవాల" అన్నాడు. నాకు ఆ కారాయన ముందు తలవంపులైపోయింది. బావ మాత్రం తప్పు చేసినట్టు ఆయనకి దణ్ణం పెట్టి, రాయి మాత్రం తియ్యకుండా వచ్చేశాడు.

ఇల్లు పూర్తయింది, గుమ్మం తప్ప. వేరే కర్ర కొని పెట్టించుకోవడానికి బావకి మనసొప్పలేదు. గెడ్డలో పడున్న ఆ వేగిస మానుని తేవడానికీ మనసొప్పలేదు. గుమ్మం ఉండాల్సిన చోట పోర్టులో ఓడ సరుకు మీద కప్పే టార్పాలిన్, పాతది ఒకటి కొని వేలాడదీశాడు. ఏళ్ళ తరబడి అదే మా అక్క ఇంటి వీధి తలుపు. వానొస్తే తారు కంపు, గాలొస్తే ఫటఫటమని చప్పుడు. "మల్కాపురం మొత్తానికి తలుపు నేని సంసారం నాదొక్కద్దే" అని అక్క నన్ను చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకునేది.

నా పెళ్ళి మాటలప్పుడు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పోర్టులోనే ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల మేనమామ మా వాళ్ళని చూడ్డానికి ఆ ఇంటికి వచ్చాడు. టార్పాలిన్ ఎత్తి పట్టుకుని లోపలికి వంగుతూ, "బావగారు ఇంకా గుమ్మం పెట్టించలేదాండీ?" అన్నాడు. నేను చప్పున, "కర్ర ఆర్డరిచ్చామండి, వస్తోంది" అన్నాను. లోపల్నుంచి బావ గొంతు వినిపించింది. "కర్ర ఉందండి. కొండ కాడ ఉంది. తెచ్చే మొకం నాకు నేదు." పిల్ల మేనమామ నా వంక చూశాడు. ఆ క్షణంలో భూమిలోకి దిగిపోదామనిపించింది. ఆ మాట అబద్ధమైతే బావ మీద కోపమైనా తెచ్చుకునేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్ళో మోటారు పాడైతే బావ. పెంకులు జారితే బావ. నేను అద్దె గది మారితే సామాన్లు కట్టడానికి బావ. కబురు పెడితే చాలు, రెండు షిఫ్టుల మధ్య వచ్చి, పని చేసి, కాఫీ నీళ్ళు కూడా నిలబడే తాగి వెళ్ళిపోయేవాడు. మంచివాడు కాబట్టి చేస్తున్నాడని అనుకునేవాళ్ళం. సిగ్గుపడ్డవాడి చేత పని చేయించుకోవడం ఎంత సులువో మా ఇంటిల్లిపాదికీ బాగా తెలుసు.

గుమ్మం సంగతి తేల్చింది చివరికి నాన్నే. కొన్నేళ్ళకి ఒకసారి ఎవరికీ చెప్పకుండా ఊరి నుంచి బస్సెక్కి, కాంప్లెక్స్‌లో దిగి, సిటీ బస్సు మారి, కర్ర ఊతంతో మల్కాపురం చేరుకున్నాడు. ఆ టార్పాలిన్ ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఒరే అల్లుడా, మాను పై చెక్క పోయింది. లోపల సేవ ఇంకా గట్టిగానే ఉంది. ఈ ఎండలకి తీద్దాం" అన్నాడు.

"నావల్ల కాదు మావా."

"నీవల్ల కాపోతే పోనీ. నానే ఎడ్లు కట్టుకుని లాగుతాను. లాకు ఎయ్యడం నాకు రాదు. అలగే లాగుతాను మరి."

అది బెదిరింపే. బావకి ఆ రోజు అన్నం దిగలేదని అక్క చెప్పింది. తర్వాత పాత ఇనుము కొట్ల చుట్టూ తిరిగి ఒక పళ్ళ చక్రం సంపాదించాడు. దానికి తగ్గ ఇనుప నాలుకని తెలిసిన కమ్మరి దగ్గర కొట్టించి, నచ్చక మళ్ళీ కొట్టించాడు. వాటిని ఊరు తీసుకెళ్ళడానికి నేను సాయం వెళ్ళాను. బస్సులో చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏటది, పాపనెత్తుకున్నట్టు ఎత్తుకున్నావు? కింద ఎట్టు" అని కండక్టరు గదిమాడు. "కింద ఎడితే దొర్లిపోతాది బాబూ" అని ఊరు వచ్చేదాకా అలాగే పట్టుకున్నాడు.

మళ్ళీ అదే గట్టు, అదే గానుగ, అవే చింతచెట్లు. ఎడ్లు మాత్రం వేరే. నాన్న కుంటుకుంటూ ఎడ్ల వెనకాల తిరిగాడు. ఎంత చెప్పినా ఇంకొకరి చేతికి ముల్లుకర్ర ఇవ్వలేదు. బావ గానుగ పక్కనే లాకు మీద కళ్ళు పెట్టి కూర్చున్నాడు. ఒక్కో పన్నూ దాటుతుంటే ఇనుప నాలుక టక్కు టక్కుమని పడుతోంది. ఈసారి ఎవరూ ఈలలు వెయ్యలేదు.

మాను సగం గట్టు ఎక్కింది. వైరు బిర్రుగా ఉంది. నాన్న ఎడ్లని ఆపాడు. మేమెవరమూ ఊహించలేదు, నాన్న వెళ్ళి కాడి తీసేశాడు. ఎడ్లని అదిలించి నీళ్ళకి తోలేశాడు. తర్వాత వచ్చి, అప్పుడు తన కాలు విరిచిన ఆ కర్ర మీదే ఎక్కి కూర్చున్నాడు.

"మావా, దిగు" అన్నాడు బావ.

"కదల్నేదు సూడ్రా. నీ లాకు ఆపీసినాది. రా, వొచ్చి నా పక్కన కూకో."

"దిగు మావా, నీ కాళ్ళట్టుకుంతాను."

"నువ్వు కూకుంటే దిగుతాను."

బావ కూర్చోలేదు. వెళ్ళి ఆ ఇనుప నాలుకని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతులతో ఆగేదేం కాదు. లాకు ఆపాల్సింది అప్పటికే ఆపింది. అయినా అలాగే పట్టుకుని, నేల చూపులు చూస్తూ, "అప్పుడు కదిలినాది కదా మావా" అన్నాడు.

ఎంత బాగా చేసిన లాకైనా ఆ రోజుకి వెళ్ళి పడదు కదా. నాన్న మెల్లగా కర్ర దిగి, కళ్ళు తుడుచుకుని, ఎడ్ల కోసం వెళ్ళాడు. పొద్దువాలేలోగా మాను పైకి వచ్చేసింది.

గుమ్మం బాగా కుదిరింది. వడ్రంగి గడప మీద తామరపూలు చెక్కుతానంటే బావ వద్దన్నాడు. నాన్న తన పొట్టి కాలు ఎత్తి మొదట ఆ గడప దాటాడు. అక్క టార్పాలిన్‌ని మడిచి అటక మీద పడేసి తలారా స్నానం చేసింది. ఆ రోజు భోజనాల దగ్గర నాన్న పీట మీద కూర్చుంటే, బావ తన పీట తీసేసి పక్కన ఉత్త నేల మీద కూర్చున్నాడు. అన్నేళ్ళ తర్వాత పక్కపక్కన కూర్చున్నారు కదా అని మేం అదే పదివేలు అనుకున్నాం. చివరిదాకా అంతే. నాన్న మంచం మీదైతే బావ కింద. నాన్న అరుగు మీదైతే బావ మెట్టు మీద. ఒక్క మెట్టు తగ్గే ఉండేవాడు.

నేను వెళ్ళేసరికి బావని అరుగు మీదే పడుకోబెట్టారు. ఖలాసీలు చాలామంది వచ్చారు. ఒక్కొక్కరూ నా చెయ్యి పట్టుకుని, "ఎవుడు పిల్సినా కాదనీవోడు కాదు బాబూ" అన్నారు. నేను తల ఊపుతూనే ఉన్నాను. ఎందుకు కాదనేవాడు కాదో నాకు తెలుసు కాబట్టి, ఊపుతున్న ఆ తల పైకెత్తలేకపోయాను. సైకిలు వాకిట్లోనే ఉంది. వెనక చక్రానికి రాయి ఉంది.

నాన్నని ఊరి నుంచి మా చిన్నాన్న కొడుకు తీసుకొచ్చాడు. నాన్న గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడి, అరుగు మీద ఉన్న బావని చూశాడు. తర్వాత చేతికర్ర గోడకి ఆనించి, పొట్టి కాలు ముందుకి చాపి, చాలాసేపు తంటాలు పడి కింద నేల మీద కూర్చున్నాడు. బావ పైన, నాన్న కింద. లేపబోతే, "ఒగ్గేయండి" అన్నాడు.

శ్మశానానికి తీసుకెళ్ళడానికి పోర్టు వాళ్ళు వ్యాన్ పంపారు. అక్క ఇంటి వీధి పెద్ద రోడ్డు వైపు బాగా వాలుగా ఉంటుంది. డ్రైవరు వ్యాన్‌ని పల్లానికి తిప్పి గుమ్మం ముందు ఆపి, బ్రేకు లాగి దిగాడు. ఎక్కించే హడావిడిలో మేం నాన్నని గమనించలేదు. గోడ పట్టుకుని లేచినట్టున్నాడు. చూసేసరికి వాకిట్లో ఉన్న సైకిలు దగ్గర వంగి ఉన్నాడు. దాని చక్రం కింద రాయి తీశాడు. సైకిలు స్టాండు మీద నిలబడే ఉంది. ఆ రాయి పొట్టకి ఆనించుకుని, కర్ర లేకుండా, కుంటుకుంటూ వచ్చి వ్యాన్ ముందు చక్రానికి అడ్డం పెట్టాడు. గట్టిగా ఆనిందో లేదో చేత్తో నొక్కి చూశాడు.

నాన్న తప్ప అందరం ఎక్కాక డ్రైవరు ఇంజను స్టార్టు చేసి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆ రాయి తీయండయ్యా ఎవరైనా" అన్నాడు. ఖలాసీ ఒకాయన దిగి చక్రం దగ్గర వంగాడు. నాన్న మొహం చూసి, చేతులు వెనక్కి తీసుకుని నిలబడ్డాడు. నేను దిగాను. నా చేతులూ రాలేదు.

"కాసేపు ఉండనీ బాబూ" అన్నాడు నాన్న, డ్రైవరుతో. వ్యాన్ ముందు భాగానికి రెండు అరచేతులూ ఆనించి, పొట్టి కాలి మడమ నేలకి ఆనక గాల్లోనే ఉండగా, బండిని తనే ఆపుతున్నట్టు అలాగే నిలబడ్డాడు.